ఇరుక్కుపోయినవాడే హీరో: 'ఇట్స్ కాంప్లికేటెడ్' థియేటర్లో చూశాక

ముందే చెప్పేస్తా, ఇది కొత్త సినిమా కాదు. 2020 జూన్‌లో మనందరం ఇళ్ళల్లో మగ్గుతున్నప్పుడు 'కృష్ణ అండ్ హిజ్ లీల' పేరుతో చెప్పాపెట్టకుండా నెట్‌ఫ్లిక్స్‌లో ప్రత్యక్షమైన సినిమానే. దానికి కొత్త పేరు తగిలించి, 2025లో ప్రేమికుల రోజు చూసుకుని, ఫిబ్రవరి 14న థియేటర్లలో వేశారు. హీరో సిద్ధు జొన్నలగడ్డ. దర్శకుడు రవికాంత్ పేరేపుతో కలిసి రాసినవాడు కూడా అతనే. ఫోన్లో చూసేసిన బొమ్మకి మళ్ళీ టికెట్టు ఎందుకు తెగ్గొట్టుకోవాలి అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఈ రివ్యూ ఆ ప్రశ్నకి నా జవాబు. తను మాత్రం రాలేదు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి గోల రెండుసార్లు వినే ఓపిక నాకు లేదు, తమ్ముణ్ణి తీసుకెళ్ళు" అంది.

అలా మా బామ్మర్దితో వెళ్ళా. వాడికి టిల్లు అంటే పిచ్చి, అదే, 2022లో సిద్ధుకి పేరు తెచ్చిన 'డీజే టిల్లు'లో హీరో. 2020లో ఈ సినిమా వచ్చేనాటికి వాడు ఇంటర్‌లో ఉన్నాడు, చూడలేదు. టిల్లు మూడో భాగానికి వచ్చినంత హుషారుగా వచ్చాడు.

థియేటర్ సంగతి ముందు కానిచ్చేస్తాను. మా ఇంటికి దగ్గర్లో ఓ మాల్ పైన ఉన్న మల్టీప్లెక్స్. పేరెందుకు గానీ, ఏ మాల్‌కి వెళ్ళినా కథ కాస్త అటూఇటూగా ఇదే. పాతసినిమా కాబట్టి టికెట్టు చవకే, ఆ మిగిలింది పాప్‌కార్న్ దగ్గర వడ్డీతో సహా లాగేశారు. ప్రకటనలకి చెవులు చిల్లులు పడే సౌండు పెట్టి, సినిమా మొదలవగానే తగ్గించేశారు. ఫైట్ల సినిమా అయితే సర్దుకుపోవచ్చు. ఇది మొత్తం మాటల మీద నడిచే సినిమా. మా వెనక వరసలో కుర్రాళ్ళు "సౌండ్! సౌండ్!" అని అరిచారు. లాభం లేక నేనే లేచి బయట టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ అబ్బాయికి చెప్పొచ్చా. "చెప్తా సార్" అన్నాడు. పాపం నిజంగానే చెప్పాడు, కాసేపటికి పెరిగింది. ఈ లోపు హీరోతో సత్య అనే అమ్మాయి విడిపోయే ముందు మాటలు సగం గాల్లో కలిసిపోయాయి. సినిమా అయిపోవడం ఆలస్యం, లైట్లన్నీ భగ్గుమనిపించారు. ఎవరు రాశారు, ఎవరు కెమెరా పట్టారు అని చూసే నాలాంటి వాళ్ళకి అది చిరాకు. థియేటర్‌కి ఐదుకి రెండు, ఆ రెండూ టార్చిలైటు అబ్బాయికి.

ఇక సినిమా. వైజాగ్‌లో కృష్ణని సత్య వదిలేస్తుంది. ఆ దెబ్బ నుంచి తేరుకుంటూ రాధకి దగ్గరవుతాడు. ఉద్యోగానికి బెంగళూరు వెళ్తే అక్కడ సత్య మళ్ళీ ఎదురవుతుంది. ఇద్దర్నీ నిజంగానే ప్రేమిస్తున్నానంటాడు. మధ్యలో రుక్సర్ అని స్నేహితురాలు. సత్యగా శ్రద్ధా శ్రీనాథ్, రాధగా శాలినీ వడ్నికట్టి, రుక్సర్‌గా సీరత్ కపూర్ చేశారు. కథ ఇంతే. కృష్ణుడి కథ గుర్తుకొచ్చే ఆ పేర్ల మీద అప్పట్లో సోషల్ మీడియాలో పెద్ద రచ్చే జరిగింది, నెట్‌ఫ్లిక్స్‌ని బహిష్కరించాలన్నారు. ఐదేళ్ళ తర్వాత మా హాల్లో ఆ ఊసే ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

కృష్ణ మాటిమాటికీ మనవైపు తిరిగి కెమెరాతో మాట్లాడతాడు. ఫోన్లో చూసినప్పుడు ఇదో చిలిపి టెక్నిక్‌లా అనిపించింది. హాల్లో వేరేలా పనిచేసింది. మొదట్లో సిద్ధు కనబడగానే మావాడితో సహా అందరూ టిల్లు డైలాగులు అరిచారు. ఈల వేసినవాళ్ళున్నారు. తెరమీద కృష్ణ మాత్రం టిల్లులా మాట్లాడడు, యాస లేదు, స్టైలు లేదు. ఉద్యోగం వెతుక్కునే మామూలు కుర్రాడు. అరుపులు మెల్లగా తగ్గాయి. మావాడు సీట్లో కదిలాడు, ఫోన్ తీశాడు. తర్వాత ఇద్దరమ్మాయిల మధ్య అబద్ధాలు మొదలయ్యాక, ప్రతి అబద్ధానికీ ముందు ఒక చిన్న ఆగుడు, ఆ తర్వాత మనవైపు ఓ చూపు, అప్పుడు హాలు నవ్వడం మొదలుపెట్టింది. ఆడపిల్లలే ఎక్కువ నవ్వారు. ఒంటరిగా ఇంట్లో చూసినప్పుడు సాగదీసినట్టుండే ఖాళీలు నిజానికి ప్రేక్షకుల నవ్వు కోసం వదిలిన జాగాలు. ఆ నవ్వు లేని చోట ఈ సినిమా చూస్తే డైలాగుకీ డైలాగుకీ మధ్య ఏదో పడిపోయినట్టుంటుంది. డబ్బులు పెట్టి రెండోసారి చూసినందుకు నాకు దక్కింది అదే, మా ఆవిడకి చెప్పిన జవాబూ అదే.

ఇది రాసినవాడికి తన మొహం ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో బాగా తెలుసు. సిద్ధుకి ఏడుపు అంత బాగా రాదు. పెద్ద ఆవేశం వస్తే గొంతు పల్చబడుతుంది. కానీ తప్పుచేసి దొరికిపోతున్న మొహం మాత్రం ఇతనికి వచ్చినట్టు ఈ తరంలో ఎవరికీ రాదు. కళ్ళు ఓ పక్క సాకు వెతుకుతుంటాయి, నోరు ఆ సాకు దొరక్కముందే మాట్లాడేస్తుంటుంది. ఎవరో రాసిచ్చిన డైలాగుతో ఇది కుదరదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో రాసేటప్పుడే నిర్ణయమైపోవాలి.

ఇది ఎక్కడ మొదలైందని మావాడు ఇంటర్వెల్‌లో అడిగాడు. వాడి లెక్కలో సిద్ధు 2022లో పుట్టాడు. 2009లో నాగచైతన్య మొదటి సినిమా 'జోష్' ఒకసారి జాగ్రత్తగా చూడరా, కాలేజీ కుర్రాళ్ళ గుంపులో వెతుకు, కనబడతాడు అన్నా. 2010లో 'ఆరెంజ్'లో, 'భీమిలి కబడ్డీ జట్టు'లో కూడా ఉన్నాడు. రామ్‌చరణ్ సినిమాలో, నాని సినిమాలో ఓ పక్కన. 2011లో ప్రవీణ్ సత్తారు తీసిన 'ఎల్‌బీడబ్ల్యూ'లో (అంటే 'లైఫ్ బిఫోర్ వెడ్డింగ్') పెద్ద పాత్ర దొరికింది. మంచి సినిమానే, అయినా చూసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తమిళంలో 'వల్లినం'లో కూడా వేశాడు. వెనక చుట్టం లేని కుర్రాడికి ఇక్కడ దారి ఇలాగే ఉంటుంది. హీరో స్నేహితుల్లో నాలుగోవాడు, పోస్టర్లో కనిపించనివాడు. చాలామంది అక్కడి నుంచే సీరియళ్ళకో, రియల్ ఎస్టేట్‌కో వెళ్ళిపోతారు. ఇతను కూర్చుని రాయడం మొదలుపెట్టాడు.

రాసింది 'గుంటూర్ టాకీస్'. 2016 మార్చి 4న వచ్చింది, దర్శకుడు మళ్ళీ ప్రవీణ్ సత్తారే, రచనలో సిద్ధు చెయ్యి ఉంది. ఈ సినిమా గురించి నాకు కాస్త ఎక్కువ మాట్లాడే హక్కుంది. మాది గుంటూరు. మా మావయ్యకి అరండల్‌పేటలో మందుల షాపు. సినిమాలో హరి, గిరి అని ఇద్దరు మందుల షాపులో పనిచేస్తూ, జీతం చాలక రాత్రుళ్ళు చిల్లర దొంగతనాలు చేస్తుంటారు. హరి సిద్ధు, గిరి సీనియర్ నరేష్. సెలవుల్లో మావయ్య షాపులో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, అక్కడ పనిచేసే కుర్రాళ్ళకో ప్రత్యేకమైన చాకచక్యం ఉంటుంది. డాక్టరు గీసిన కోడిగీతల్ని ఒక్క చూపులో చదివేస్తారు, చెయ్యి వెనక్కి పెట్టి చూడకుండా సరైన డబ్బా లాగుతారు, స్ట్రిప్పులోంచి నాలుగు మాత్రలు కత్తిరించి కవరు మీద పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని గీత కొట్టి ఇచ్చేస్తారు. ఇదంతా చేస్తూ నోరు మాత్రం పక్కషాపువాడితో సినిమా కబుర్లు చెబుతూనే ఉంటుంది. పనంతా వాళ్ళదే, గల్లాపెట్టె మాత్రం వేరేవాళ్ళది. ఆ ఎగతాళీ, ఆ ఉక్రోషం కలిసిన గొంతు హరిలో ఉంది. యాస మాత్రం పూర్తిగా మాది కాదు. బ్రాడీపేటలో నిలబడి అలా మాట్లాడితే "ఏ ఊరు బాబూ మీది?" అని అడుగుతారు. మా మావయ్యకి ఆ సినిమా నచ్చలేదు. మందుల షాపువాళ్ళని దొంగల్ని చేశారని ఆయన బాధ. పైగా చెల్లెళ్ళతో కలిసి టీవీలో చూడబోయి, హీరోయిన్ రష్మి పాట రాగానే రిమోట్ వెతుక్కున్నాడట. 'నీ సొంతం' అనే ఆ పాటే సినిమాకి సగం మందిని లాక్కొచ్చిందన్నది వేరే విషయం.

నా మటుకు నాకు 'గుంటూర్ టాకీస్' సగం మంచి సినిమా. హరి, గిరి ఇంట్లో, షాపులో, సందుల్లో తిరిగినంతసేపూ బ్రహ్మాండం. శ్రద్ధా దాస్ రివాల్వర్ పట్టుకుని, గూండాలు దిగాక మాత్రం వేరే ఎవరిదో సినిమా అయిపోతుంది. కొత్తగా రాసేవాడి భయం అందులో కనబడుతుంది. ఇద్దరు చిల్లరదొంగల బతుకు చాలదేమో, జనం లేచిపోతారేమో అన్న భయం.

ఇక్కడ ఒక తమాషా. దీనికి సరిగ్గా వారం ముందు, 2016 ఫిబ్రవరి 26న 'క్షణం' వచ్చింది. అక్కడా హీరోనే కథ రాసుకున్నాడు, అడివి శేష్. దర్శకుడెవరంటే రవికాంత్ పేరేపు, అదే ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న సినిమా తీసినాయన. రెండింటికీ సంగీతం కూడా ఒకరే, శ్రీచరణ్ పాకాల. వారం తేడాతో ఇద్దరు కుర్రాళ్ళు, ఎవరూ పిలిచి పాత్ర ఇవ్వకపోతే మేమే రాసుకుంటాం అని వచ్చారు. 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'కి దర్శకుడితో కలిసి రాసి నవీన్ పొలిశెట్టి మూడోవాడయ్యాడు. ముగ్గుర్నీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ నాకు ఆ పోలిక నచ్చదు. శేష్ ముడి వేస్తాడు, చివర్లో ముడి విప్పుతాడు, మధ్యలో మనుషులు ఆ దారానికి వేలాడుతుంటారు. సిద్ధుకి ముడి పట్టదు. ముడిలో ఇరుక్కున్నవాడు ఏం వాగుతాడన్నదే అతని సరుకు.

వరసగా చూడండి. హరి ఓ చిల్లర దొంగతనంతో పెద్దవాళ్ళ గొడవలో ఇరుక్కుంటాడు. కృష్ణ ఇద్దరి మధ్య ఇరుక్కుంటాడు. 2020 నవంబర్‌లో ఆహాలో వచ్చిన 'మా వింత గాధ వినుమా'లో తాగిన మత్తులో చేసుకున్న పెళ్ళి వీడియోగా ఊరంతా తిరిగి ఇరుక్కుంటాడు. టిల్లు సంగతి చెప్పనే అక్కర్లేదు, శవంతో ఇరుక్కుంటాడు. మన హీరోలు జనాన్ని ఇరకాటం నుంచి బయటపడేసేవాళ్ళు. ఇతను రాసుకున్న ప్రతి హీరో తన నోటి దూలతో తనే ఇరుక్కుని, అదే నోటితో బయటపడాలని చూసేవాడు. పన్నెండేళ్ళు ఇండస్ట్రీ గుమ్మంలో నిలబడ్డవాడికి తప్ప ఇంకొకరికి ఇంత బాగా తెలియదేమో అనిపిస్తుంది, అది నా ఊహ.

'మా వింత గాధ' గురించి ఎక్కువ చెప్పను. ఆ వీడియో సంగతి మొదలైనప్పుడు భలే ఉంటుంది, తర్వాత తల్లిదండ్రులు, క్షమాపణలు, ప్రేమ గొప్పదనం. తీసేయండి.

'డీజే టిల్లు' 2022 ఫిబ్రవరి 12న వచ్చింది. మొదట దానికి 'నరుడి బ్రతుకు నటన' అని పేరు పెట్టారు, ఆ పేరే ఉంటే బారాత్‌లలో 'డీజే టిల్లు' పాట మోగేదా అని నా అనుమానం. దర్శకుడు విమల్ కృష్ణతో కలిసి రాశాడు, మాటలు సిద్ధువే. బాల గంగాధర్ తిలక్ అనేవాడు టిల్లుగా మారి, పాడే అమ్మాయి రాధిక వెనక ఆమె ఫ్లాట్‌కి వెళ్తే అక్కడ శవం. పోలీసులకి ఫోన్ చేయాల్సిందిపోయి టిల్లు నోరు విప్పుతాడు. భయం, కోపం, తన మీద తనకి జాలి, ఆ అమ్మాయి మీద ఇంకా చావని ఆశ, అన్నీ ఒకే వాక్యంలో దూరిపోతాయి. 'గుంటూర్ టాకీస్'లో అతికినట్టున్న యాస ఇక్కడ ఒంటికి పట్టేసింది, ఎందుకంటే ఇది అతని ఊరు. హైదరాబాద్ గల్లీలో పుట్టినవాడు గొప్పలు పోతూనే తన గొప్పల మీద తనే నవ్వుకునే పద్ధతి ఒకటుంది. గుంటూరువాడికి అది రాదు, మేం గొప్పలు చెబితే సీరియస్‌గానే చెప్తాం. "రాధికా" అని సాగదీసి పిలిచే ఆ పిలుపులో నిజానికి డైలాగేమీ లేదు, పేరంతే. కాగితం మీద చదివితే ఏమీ కనబడదు. నటుడు తనకోసం తను రాసుకుంటేనే అలాంటి ఖాళీ కాగితాన్ని నమ్ముతాడు.

ఆ సినిమా సెకండాఫ్ జారింది, అది అందరికీ తెలుసు. అయినా థియేటర్లు నిండాయి. 2024 మార్చిలో 'టిల్లు స్క్వేర్' వచ్చి, వంద కోట్ల గ్రాస్ అని నిర్మాతలు పోస్టర్ వేశారు. ఆ పోస్టర్ లేకపోతే ఈ ఫిబ్రవరి 14 విడుదలే లేదు, అది కూడా ఒప్పుకోవాలి. 2020లో కృష్ణని ఫోన్లో దాచేసిన జనమే టిల్లు చలవతో టికెట్టు కొనుక్కుని కృష్ణ దగ్గరికొచ్చారు.

వచ్చినవాళ్ళకి నచ్చిందా? మావాడికి ఫస్టాఫ్ నచ్చలేదు. పాత్రల వయసూ వాడి వయసూ దగ్గరే కాబట్టి సెకండాఫ్‌లో మెత్తబడ్డాడు. పార్కింగ్‌లో బండి తీస్తూ, "బావా, ఇందులో వాడు కూల్‌గా లేడు" అన్నాడు. అదే సినిమా గొప్పతనం అని నేను, అదే లోపం అని వాడు. ఇంటిదాకా తెగలేదు.

నా ఫిర్యాదు వేరే. అమ్మాయిల్లో సత్యకి మాత్రమే సొంత మెదడిచ్చారు. శ్రద్ధా శ్రీనాథ్ ఆ కాస్త జాగాలో నిలబడి, కృష్ణ పక్కనే ఉన్నా ఫ్రేమంతా తనవైపు లాక్కుంటుంది. రాధ బాధపడ్డం తప్ప చేసేదేం లేదు. రుక్సర్ అయితే కృష్ణకి సలహాలిచ్చే పనిమీద మాత్రమే అక్కడుంది. ఇరుక్కున్నవాడి వాగుడు రాయడంలో మునిగిపోయిన రచయిత ఎదుటివాళ్ళ మాట వినడం మర్చిపోయాడు. చివర్లో కృష్ణని మనం క్షమించెయ్యాలని సినిమా కాస్త తొందరపెడుతుంది కూడా. తప్పుచేసి దొరికిపోయిన మొహాన్ని అంతసేపు అంత నిజాయితీగా చూపించాక, చివర్లో దానికి పౌడరు రాయడం ఎందుకు? రాధికని రాసేసరికి ఈ లోటు కొంత తీరింది. ఆమె ఏం ఆలోచిస్తోందో టిల్లుకి చివరిదాకా అంతుబట్టదు, మనకీ పట్టదు.

మార్కులు: సినిమాకి ఐదుకి మూడున్నర. అందులో అర మార్కు శ్రద్ధా శ్రీనాథ్‌ది. ఇంట్లో చూసేవాళ్ళు ఒంటరిగా చూడకండి, నవ్వే స్నేహితులు నలుగురు ఉండాలి. టిల్లుని మాత్రమే చూసినవాళ్ళు ముందు 'ఎల్‌బీడబ్ల్యూ' దొరికితే చూసి, తర్వాత ఇది చూస్తే కుర్రాడు ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చాడో తేడా కనబడుతుంది. 'గుంటూర్ టాకీస్' మాత్రం పెద్దవాళ్ళు ఊరెళ్ళినప్పుడు పెట్టుకోండి. మా మావయ్యలాగా రిమోట్ కోసం తడుముకునే పని ఉండదు.